మతిమరుపు కమ్మిన తల్లిదండ్రులు – షరీఅత్ చూపిన దారి

 



యాకుత్‌పురా, రేన్ బజార్, తలాబ్‌కట్టా, దబీర్‌పురా మొహల్లాల్లో నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే ఎవరో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి లోగొంతుకతో కొన్ని ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. "మా అబ్బా నాలుగు రకాతుల చోట ఆరు చదువుతున్నారు, ఆ నమాజు అవుతుందా?" "అమ్మీ అసర్ చదివిన పావుగంటకే మళ్లీ అసర్‌కు నిలబడుతోంది, వద్దంటే ఏడుస్తోంది." "జీవితంలో ఎన్నడూ తిట్టు మాట ఎరుగని మనిషి ఇప్పుడు నోటికొచ్చినట్లు తిడుతున్నారు, ఆ పాపం ఆయన ఖాతాలో పడుతుందా?" అడిగేవారు తలెత్తి అడగరు. ఇంటి సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయం వారిది.

ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాము. ఇది వ్యాధి. వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. మనిషి దీన్ని కోరి తెచ్చుకోడు. ఈ స్థితి గురించి అల్లాహ్ గ్రంథం మాట్లాడింది, ప్రవక్త (స) మాట్లాడారు, మన ఫుఖహాలు (ధర్మశాస్త్రవేత్తలు) వందల ఏళ్ల క్రితమే దీని ఆదేశాలు రాసిపెట్టారు. ఆ సంగతులు తెలియకపోవడం వల్ల కొన్ని ఇళ్లలో రోగిపై జులుం జరుగుతోంది, మరికొన్ని ఇళ్లలో సేవ చేసేవారు లేని భారం తలకెత్తుకుంటున్నారు.

ఖుర్ఆన్ ఏమంటోంది?

నహ్ల్ సూరా 70వ ఆయతులోను, హజ్ సూరా 5వ ఆయతులోను అల్లాహ్ మనిషి జీవిత దశలను వివరిస్తూ, కొందరిని వయస్సులో అత్యంత హీనమైన దశకు చేరుస్తామని, అప్పుడు వారు అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియనివారైపోతారని చెప్పాడు. యాసీన్ సూరా 68వ ఆయతులో, దీర్ఘాయువు ఇచ్చిన మనిషిని సృష్టిలో వెనక్కి మళ్లిస్తామన్నాడు. రూమ్ సూరా 54వ ఆయతులో బలహీనత, దాని తర్వాత బలం, మళ్లీ బలహీనత, నెరిసిన తల అన్న క్రమం ఉంది. అంటే పసిబిడ్డగా వచ్చినవాడు పసిబిడ్డ స్థితికే తిరిగి చేరడం అల్లాహ్ ఏర్పాటులో ఒక భాగం.

ప్రవక్త (స) స్వయంగా ఈ స్థితి నుండి అల్లాహ్ శరణు వేడేవారు. పిసినారితనం నుండి, పిరికితనం నుండి, హీనమైన వయస్సుకు చేర్చబడటం నుండి శరణు కోరే దుఆను హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన పిల్లలకు, పంతులు పలకపై అక్షరాలు దిద్దించినట్లుగా నేర్పేవారని బుఖారీలో ఉంది. నమాజు తర్వాత చేసే దుఆలలో ఇదొకటి. మన ఇళ్లలో పిల్లలకు నేర్పే దుఆలలో దీన్ని కూడా చేర్చుకోవాలి. ఒక కష్టం నుండి శరణు కోరడం వేరు, ఆ కష్టంలో పడినవాణ్ణి హీనంగా చూడటం వేరు. అప్పుల నుండి కూడా ప్రవక్త (స) శరణు కోరారు, కాని అప్పులో కూరుకుపోయినవాడిని అవమానించమని చెప్పలేదు.

ముందుగా వైద్యుని వద్దకు

ఇంట్లో పెద్దవారు మాట మరచిపోగానే కొందరు "అసర్ పడింది, జిన్ను పట్టింది" అని తాయెత్తుల కోసం పరుగులు తీస్తారు. ఖుర్ఆన్ పఠించి ఊదడం (రుఖ్యా) సున్నత్‌లో ఉంది, దాన్ని మేము కాదనడం లేదు. కాని చికిత్స చేయించుకోవడం కూడా సున్నతే. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు దించాడని, కనుక మందు వాడమని ప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు (తిర్మిజీ, అబూ దావూద్).

మతిమరుపంతా నయం కానిదేమీ కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, మూత్రంలో ఇన్ఫెక్షన్, పడని మందులు – ఇవి కూడా వృద్ధుల మతిని చెదరగొడతాయి. వీటిలో చాలావరకు చికిత్సకు లొంగుతాయి. తండ్రిని ఆమిల్ ఇంటి ముందు ఆరు నెలలు కూర్చోబెట్టి, నయమయ్యే జబ్బును ముదరనిస్తే దానికి జవాబుదారీ ఎవరిది?

నయం కాని రకాలలో ప్రధానమైన దాన్ని జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వివరించాడు. 2023లో ప్రచురితమైన ఒక జాతీయ స్థాయి అధ్యయనం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి సుమారు 7.4 మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని అంచనా వేసింది. మన నగరంలోనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి వైద్యులు 2013లో ఒక సంగతి వెల్లడించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి ఒకే భాష మాట్లాడేవారికంటే సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువురాని వారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పెద్దలపై అల్లాహ్ చేసిన ఉపకారాలలో ఇదొకటి కాబోలు! పిల్లలకు ఏదో ఒక భాష చాలునని రెండోదాన్ని మాన్పించే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

"హాఫిజ్ సాబ్‌కు ఈ జబ్బేమిటి?"

ఇక్కడ ఒక సందేహం చాలామంది మనసుల్లో ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుంది. ఖుర్ఆన్ చదివేవాడు హీనమైన వయస్సుకు చేర్చబడడని తాబయీలలో ప్రముఖులైన హజ్రత్ ఇక్రిమా (రహ్మ) అన్న మాట తఫ్సీర్ గ్రంథాల్లో కనిపిస్తుంది. మరి నలభై ఏళ్లు తరావీహ్ చదివించిన హాఫిజ్ గారికి మతి తప్పితే, ఆయన ఖుర్ఆన్ స్వీకారం కాలేదని అర్థమా? కొందరు ఇంటి గుమ్మంలోనే నిలబడి ఇలా అనేస్తారు. విన్న కొడుకు గుండె ఏమైపోతుందో ఆలోచించరు.

ఇక్రిమా (రహ్మ) మాట ఖుర్ఆన్ శుభాల పట్ల ఆశ కలిగించే మాట. ఎవరి కర్మలనూ తూచే త్రాసు కాదు. దీనికి మన హదీసు శాస్త్రమే సాక్ష్యం. ముహద్దిసులు ఉల్లేఖకుల జీవితాలను పరిశీలించేటప్పుడు 'ఇఖ్తిలాత్' అనే ఒక అంశాన్ని చూసేవారు. వృద్ధాప్యంలోనో, మరే కారణం వల్లనో మతి కలగాపులగం కావడమే ఇఖ్తిలాత్. హజ్రత్ సయీద్ బిన్ అబీ అరూబా, హజ్రత్ అతా బిన్ సాయిబ్ వంటి గొప్ప ఉల్లేఖకులు ఈ పరీక్షకు గురయ్యారు. ఇటువంటివారిపై ప్రత్యేక గ్రంథాలే ఉన్నాయి. మరి ముహద్దిసులు ఏం చేశారు? వారి పేరు చెరిపివేశారా? లేదు. మతి చెదరక ముందు విన్న శిష్యులెవరు, తర్వాత విన్నవారెవరు అని వేరుచేశారు. ముందు విన్నదాన్ని నెత్తిన పెట్టుకున్నారు, తర్వాత విన్నదాన్ని పక్కన పెట్టారు. వ్యాధి వచ్చినందుకు వెనుకటి విద్య పనికిరానిది కాలేదు.

బస్రాకు చెందిన హజ్రత్ జరీర్ బిన్ హాజిమ్ (రహ్మ) సంగతి ఇంకా హృద్యమైనది. ఆయన హి.శ. 170లో మరణించారు. చివరి కాలంలో ఆయన మతి చెదిరింది. ఆయన పిల్లలు హదీసు విద్య తెలిసినవారు. తండ్రి స్థితి గమనించగానే ఆయనను జనానికి దూరంగా ఉంచారు. అందువల్ల ఆ స్థితిలో ఆయన నోటి నుండి ఒక్క హదీసు కూడా ఎవరూ వినలేదని ఇమామ్ అబ్దుర్రహ్మాన్ బిన్ మహదీ (రహ్మ) తెలిపారు. ఈనాడు బుఖారీలోను, ముస్లింలోను ఆయన ఉల్లేఖనాలు గౌరవంగా నిలిచి ఉన్నాయి. ఆ పిల్లలు సిగ్గుతో తండ్రిని దాచలేదు, ఆయన జీవితకాల కృషిని కాపాడారు. తండ్రి తడబాటును సెల్‌ఫోన్‌లో చిత్రించి బంధువుల గ్రూపులో పంచుకుని నవ్వుకునే ఈ కాలపు పిల్లలు ఒక్కసారి ఈ ఉదంతం చదవాలి.

కలం ఎత్తివేయబడింది

నిద్రించేవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి తప్పినవాడికి తెలివి వచ్చే వరకు – ఈ ముగ్గురి నుండి కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని ప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసును హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించారు. ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) దీన్ని పేర్కొంటూ, హజ్రత్ అలీ (రజి) గారి ఒక ఉల్లేఖనంలో 'ఖరిఫ్' అన్న పదం కూడా అదనంగా ఉందని తెలిపారు. ఖరిఫ్ అంటే ముసలితనం వల్ల మతి చెడినవాడు. మన ప్రశ్నలకు ఇదే మూలం.

కనుక మతి పూర్తిగా తప్పిన తండ్రి నోటి నుండి వెలువడే తిట్లు, ఆయన లెక్కలో రాయబడవు. ఈమాన్‌కు విరుద్ధమైన మాట వచ్చినా ఆయన ఈమాన్‌కు భంగం లేదు. "అబ్బా! తౌబా చేయండి" అని గద్దించవలసిన పనీ లేదు. పైగా హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన బుఖారీ హదీసు ప్రకారం, దాసుడు వ్యాధిగ్రస్తుడైతే ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన కర్మల పుణ్యం అతనికి రాయబడుతూనే ఉంటుంది. నలభై ఏళ్లు ఫజర్ జమాఅత్ వదలని మనిషికి ఇప్పుడు ఫజర్ ఏదో తెలియకపోయినా, ఆయన ప్రభువుకు ఆ నలభై ఏళ్లు తెలుసు.

అయితే ఈ వ్యాధి ఒక్కరోజులో రాదు. మెట్టు మెట్టుగా దిగుతుంది. ఆదేశాలు కూడా ఆ మెట్లను బట్టే ఉంటాయి. ఈ దిగువ హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రాస్తున్నాము.

నమాజు: మనిషికి తెలివి ఉంది, నమాజు అంటే ఏమిటో తెలుసు, రకాతుల లెక్క మాత్రం మరచిపోతున్నారు – ఇటువంటివారిపై నమాజు ఫర్జ్‌గానే ఉంటుంది. ఇంట్లో మనవడినో కొడుకునో ఇమామ్‌గా నిలబెట్టి జమాఅత్‌తో చదివిస్తే లెక్క గొడవే ఉండదు. ఇమామ్ లెక్కే ఆయన లెక్క. వ్యాధి ముదిరి, రకాతులు, సజ్దాలు బొత్తిగా గుర్తుండని స్థితి వస్తే నమాజు చదవడం ఆయనపై తప్పనిసరి కాదని, అయినా పక్కన ఒకరు చెబుతూ ఉండగా చదివితే ఆ నమాజు నెరవేరుతుందని ఆశించవచ్చని 'దుర్రె ముఖ్తార్'లో రోగి నమాజు ప్రకరణంలో ఉంది. మతి పూర్తిగా తప్పి ఆ స్థితి ఒక పగలు, ఒక రాత్రికి మించి కొనసాగితే ఆ నమాజులు మాఫ్. వాటి ఖజా లేదు, ఫిద్యా లేదు. ఇక్కడ పిల్లలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. బతికున్నవారి నమాజులకు ఫిద్యా చెల్లించే పద్ధతి మన ఫిఖ్హ్‌లో లేదు.

ఫర్జ్ తొలగిపోయిందని ముసల్లా కూడా తీసి అటక మీద పెట్టవద్దు. నిన్నటి సంగతి మరచిన మనిషికి చిన్ననాట నేర్చిన సూరా ఫాతిహా గుర్తుంటుంది. వేళ్లకు తస్బీహ్ అలవాటు గుర్తుంటుంది. అజాను వినగానే చెయ్యి టోపీ కోసం వెతుకుతుంది. టోపీ అందించండి. ఆరు రకాతులు చదివినా చదవనివ్వండి. అమ్మీ అసర్ మళ్లీ చదువుతానంటే వాదించకండి. ఆమెపై అది ఫర్జ్ కాదు, మీపై ఆమెను ఏడిపించకపోవడం ఫర్జ్.

శుభ్రత: మూత్రం ఆగని రోగికి మాజూర్ (సాకు గలవారు) ఆదేశం వర్తిస్తుంది. ఒక్కో నమాజు వేళకు ఒక వుజూ చాలు. బట్ట మార్చినా నమాజు ముగిసేలోగా మళ్లీ తడిసిపోతుందంటే అదే బట్టతో చదవవచ్చు. ఎవరైనా వృద్ధుడు మసీదులో బట్టలు పాడుచేసుకుంటే కేకలు వేయకండి. ఒక పల్లెవాసి మస్జిదె నబవీలోనే మూత్రం పోస్తుంటే సహచరులు మీదికి వెళ్లారు. ప్రవక్త (స) వారిని ఆపి, అతను ముగించేవరకు వదలి, ఆ తర్వాత ఒక బొక్కెన నీళ్లు పోయించారు. ఆ మనిషికి మతి బాగానే ఉంది. మతి లేనివారి పట్ల మన సహనం ఇంకెంత ఉండాలి?

ఉపవాసం: తెలివి ఉండి, శరీరం సహకరించక, కోలుకునే ఆశ లేనివారు ప్రతి రోజాకు ఫిద్యాగా ఒక పేదవాడికి రెండు పూటలా భోజనం పెట్టాలి లేదా ఒక ఫిత్రా పరిమాణం ఇవ్వాలి. రమజాను నెల పొడుగునా మతి లేనివారిపై రోజా లేదు, ఫిద్యా కూడా లేదు. షుగరు మాత్రలు వేసుకునే తండ్రి సహ్రీకి లేచి కూర్చుంటే "మీకు రోజా లేదు" అని నలుగురిలో అనకండి. మీతోపాటు సహ్రీ తినిపించండి, వేళకు టిఫిను, మందులు ఇవ్వండి, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుని ఖర్జూరం అందించండి.

జకాత్: మతి తప్పినవారి సొమ్ముపై హనఫీ ఫిఖ్హ్‌లో జకాత్ లేదు. షాఫయీ ఫిఖ్హ్ ప్రకారం సంరక్షకుడు ఆ సొమ్ము నుండి జకాత్ తీయాలి. బార్కస్ వంటి చోట్ల షాఫయీ మార్గాన్ని అనుసరించే కుటుంబాలు ఉన్నాయి కనుక ఈ తేడా తెలుపుతున్నాము.

ఏ మెట్టులో ఉన్నారన్నది ఇంటివారికి తేలకపోతే వైద్యుని చీటీ తీసుకుని ముఫ్తీ సాబ్‌ను సంప్రదించండి. జామియా నిజామియా వంటి సంస్థల దారుల్ ఇఫ్తాలు ఇందుకే ఉన్నాయి.

తలాఖ్, వేలిముద్ర

రెండు విషయాల్లో చాలా జాగ్రత్త అవసరం. మతి తప్పిన వృద్ధుడు యాభై ఏళ్లు కాపురం చేసిన భార్యను గుర్తుపట్టక, కోపంలో తలాఖ్ అనేస్తే, ఆ ఇల్లాలు ఏ గదిలో ఉండాలో తెలియక కుమిలిపోతుంది. ఫుఖహాల తీర్పు స్పష్టం: మతి లేనివాడి తలాఖ్, తెలివి కోల్పోయిన 'మాతూహ్' తలాఖ్ చెల్లదు. ఆమె అతని భార్యే, అదే ఇంట్లో ఉంటుంది, అతనికి సేవ చేస్తుంది. వ్యాధి తొలి మెట్టులో, తెలివి ఉన్నప్పుడు అన్న మాటైతే మాత్రం ముఫ్తీ సాబ్‌ను తప్పక అడగాలి.

రెండోది ఆస్తి. తండ్రికి కొడుకు పేరే గుర్తులేని రోజున, ఒక కొడుకు కాగితం పట్టుకొచ్చి వేలిముద్ర వేయించుకుంటాడు. ఇది హిబా కాదు, బైనామా కాదు, దొంగతనం. షరీఅత్‌లో అటువంటి వ్యవహారం చెల్లదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం కూడా మతి స్థిమితం లేనివాడి ఒప్పందం చెల్లదు. నిసా సూరా 5వ ఆయతులో అల్లాహ్, తెలివి చాలనివారి సొమ్మును వారి చేతికి వదలక, దాని నుండే వారికి తిండి, బట్ట ఇవ్వమని, వారితో మంచి మాట మాట్లాడమని ఆదేశించాడు. బఖరా సూరా 282వ ఆయతులో, రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలన్నాడు. అంటే తండ్రి అద్దెల సొమ్ము, పెన్షను ముందు తండ్రి మందులకు, తండ్రి పక్కబట్టలకు, తండ్రి సేవకుని జీతానికి ఖర్చు కావాలి. లెక్క రాసి ఉంచండి. తోబుట్టువులందరికీ చూపండి. ఆడపిల్లల వాటా అల్లాహ్ నిర్ణయించినది. తండ్రి మతిమరుపు చాటున దాన్ని మింగినవాడు నిప్పును మింగినట్లే.

సేవ ఎవరి బాధ్యత?

బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు మనందరికీ తెలుసు. తల్లిదండ్రులలో ఒకరు గాని ఇద్దరూ గాని మీ దగ్గర వృద్ధాప్యానికి చేరితే 'ఉఫ్' అని కూడా అనవద్దని, గద్దించవద్దని, కరుణతో రెక్కలు వాల్చి ఉండమని అందులో ఉంది. 'మీ దగ్గర' అన్న మాటను గమనించండి. ఒకే ప్రశ్న యాభై సార్లు అడిగే తల్లి ముందే ఈ ఆయతుకు నిజమైన పరీక్ష. మొదటిసారి జవాబు చెప్పడం సులభం. యాభయ్యో సారి 'ఉఫ్' నోటి దాకా వస్తుంది. అప్పుడు మింగిన ఆ ఒక్క మాటే ఈ ఆయతుపై ఆచరణ. ముసలి తల్లిదండ్రులు ఉండి కూడా స్వర్గం సంపాదించుకోలేనివాడి ముక్కు మట్టిలో కలియాలని ప్రవక్త (స) మూడుసార్లు అన్నట్లు ముస్లింలో ఉంది.

కాని సేవ గురించి ఉపన్యాసాలిచ్చే కొడుకులు ఒక సంగతి దాటవేస్తారు. ఈ ఆయతులు కొడుకును, కూతురిని ఉద్దేశించినవి. అత్తమామల సేవ ధర్మశాస్త్రం ప్రకారం కోడలిపై వాజిబ్ కాదు. ఆమె చేస్తే అది ఆమె ఉపకారం, దానికి అల్లాహ్ వద్ద గొప్ప పుణ్యం ఉంది. రాత్రంతా మేల్కొని పక్కబట్టలు మార్చేది కోడలు, స్వర్గం తనదనుకునేది కొడుకు – ఈ లెక్క అల్లాహ్ వద్ద సరిపోదు. కొడుకు స్వయంగా నడుం బిగించాలి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు డబ్బుతో పాటు వరుస ప్రకారం సెలవు కూడా పంపాలి, అంటే తానే రావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులు వేసుకోవాలి. కోడలికి వారానికి ఒకరోజైనా పుట్టింటికి వెళ్లే వీలు కల్పించాలి.

స్నానం, శుభ్రం చేసేటప్పుడు సతర్ (మర్యాద భాగాలు) కాపాడాలి. భార్య లేదా భర్త ఉంటే వారు, లేకుంటే తండ్రికి కొడుకు, తల్లికి కూతురు చేయడం మేలు. వేరే దారి లేనప్పుడు అవసరం మేరకు అనుమతి ఉంది. చేతికి గ్లవుజు తొడుక్కుని, పైన దుప్పటి కప్పి శుభ్రం చేయాలి.

రోగిని ఒంటరిగా వదిలి మసీదుకు వెళ్లలేనివాడు ఇంట్లో నమాజు చదివితే అతనిపై దోషం లేదు. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుపడ్డారని తెలిసి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) జుమా వేళ దగ్గరపడినా వాహనమెక్కి ఆయన వద్దకే వెళ్లారని, ఆనాడు జుమా వదిలారని బుఖారీలో ఉంది.

రోగితో ఎలా మాట్లాడాలి? మదీనాలో మతి కాస్త సరిగాలేని ఒక స్త్రీ ప్రవక్త (స) వద్దకు వచ్చి తనకు ఆయనతో పని ఉందన్నది. నీకు నచ్చిన ఏ వీధిలోనైనా సరే, నీ పని నెరవేరుస్తానని చెప్పి ఆయన ఆమెతో పాటు దారి పక్కన నిలబడి, ఆమె పని ముగిసే వరకు ఉన్నారు (ముస్లిం). రాజ్యభారం మోసే ప్రవక్త (స)కు ఆ వీధిలో నిలబడే తీరిక దొరికింది. మనకు యాకుత్‌పురా గల్లీలో దారి తప్పి నిలబడిన ముసలాయనను చెయ్యిపట్టి ఇంటికి చేర్చే తీరిక దొరకదా?

చనిపోయిన భార్య ఎక్కడని తండ్రి రోజూ అడుగుతుంటే, చనిపోయిందని ప్రతిసారీ చెప్పి ప్రతిసారీ కొత్తగా ఏడిపించనక్కర లేదు. అబద్ధమూ ఆడనక్కర లేదు. "అమ్మీ అల్లాహ్ నీడలో ఉంది అబ్బా, రండి చాయ్ తాగుదాం" అని మాట మళ్లించవచ్చు.

చివరి రోజులు

ఈ వ్యాధి చివరి మెట్టులో రోగి మింగడం మరచిపోతాడు. ఇక్కడ ప్రేమ వల్లనే హాని జరుగుతుంది. నోరు తెరిపించి అన్నం కుక్కితే, చెంచాతో జమ్‌జమ్ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోగులను తినమని, తాగమని బలవంతపెట్టవద్దని, వారికి అల్లాహ్‌యే తినిపిస్తాడని హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీలో ఉంది. కూర్చోబెట్టి, మెత్తగా, కొద్దికొద్దిగా, ఆయన మింగినంతే పెట్టాలి. మింగలేనప్పుడు దూదిని జమ్‌జమ్‌లో తడిపి పెదవులకు అద్దితే చాలు. ముక్కులో గొట్టం వేసి ఆహారం ఇవ్వడం వల్ల ఈ చివరి దశలో ఆయుష్షు పెరుగుతుందని వైద్య పరిశోధనల్లో రుజువు కాలేదు. అది వేయించాలా వద్దా అన్నది వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

"ఐసీయూలో పెట్టకపోతే తండ్రిని చంపిన పాపం వస్తుందా?" అని ఇల్లు తాకట్టు పెట్టబోతూ అడిగేవారున్నారు. కావాలని ప్రాణం తీయడం, చావడానికి సూది వేయించడం నిస్సందేహంగా హరామ్. కాని నయం చేయలేని చికిత్సను వద్దనుకోవడం వేరు. చికిత్స చేయించుకోక మరణించినవాడు పాపి కాడని, ఉన్న తిండిని వదిలేసి మరణించినవాడు పాపి అని 'ఫతావా ఆలంగీరీ'లో ఉంది. మెదడు పనిచేయడం పూర్తిగా ఆగిందని, తిరిగి రాదని నిపుణులైన వైద్యులు నిర్ధారించినప్పుడు యంత్రాలు తొలగించవచ్చని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. చివరి దశలో తనకు ఎటువంటి చికిత్స వద్దో తెలివి ఉండగానే రాసి ఉంచుకునే హక్కును మన సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. వైద్యుని ఒకే ప్రశ్న సూటిగా అడగండి: ఈ చికిత్స ఆయనను కోలుకునేలా చేస్తుందా, లేక మరణయాతనను పొడిగిస్తుందా? నొప్పి తగ్గించే మందులు, శుభ్రమైన పక్క, అయినవారి చెయ్యి – ఇవి మాత్రం ఆఖరి శ్వాస వరకు ఆయన హక్కు.

మరణ ఘడియ సమీపిస్తే మెల్లగా ఖిబ్లా వైపు తిప్పండి. కష్టమైతే వదిలేయండి. మరణాసన్నునికి కలిమా తల్ఖీన్ చేయమని ప్రవక్త (స) ఆదేశించారు (ముస్లిం). తల్ఖీన్ అంటే పక్కన కూర్చుని తాను మెల్లగా పఠించడమే, "చదవండి, చదవండి" అని ఒత్తిడి చేయడం కాదని ఉలమాలు వివరించారు. మాటే మరచిన మనిషి కలిమా పలకలేదని జీవితాంతం కుమిలిపోకండి. పలికే శక్తిని తీసుకున్నవాడు అల్లాహ్‌యే. ఎవరినీ శక్తికి మించి బాధ్యుణ్ణి చేయనని బఖరా సూరా చివరి ఆయతులో వాగ్దానం చేసినవాడు కూడా ఆయనే.

జనాజా నమాజులో పిల్లల దుఆ చదవాలా అని కొందరు అడుగుతారు. పుట్టుకతో మతిలేనివారికే ఆ దుఆ. పెద్దవయస్సులో మతి తప్పినవారికి పెద్దల దుఆయే చదవాలి. వారు తెలివి ఉన్న రోజుల్లో వదిలిన నమాజులు, రోజాలకు ఫిద్యా ఇమ్మని వసియ్యత్ చేసి ఉంటే మూడోవంతు ఆస్తి నుండి చెల్లించాలి. మతి తప్పిన కాలపు నమాజులకు ఏమీ లేదు.

మనం చేయవలసినది

సోదరులారా! తెలివి అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆయన ఎప్పుడు తిరిగి తీసుకుంటాడో మనకు తెలియదు. వసియ్యత్ చేయవలసినది ఉన్న ముస్లిం, దాన్ని రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపడం తగదని ప్రవక్త (స) హెచ్చరించారు. అప్పులు, అమానత్‌లు, ఖజా నమాజులు, చికిత్స విషయంలో మీ కోరిక – ఇవన్నీ ఈ రాత్రే రాసి పెట్టండి.

మసీదు కమిటీలకు మా మనవి: మీ మొహల్లాలో ఇటువంటి పెద్దలు ఎవరున్నారో తెలుసుకోండి. వారి జేబులో ఇంటి ఫోను నంబరు చీటీ ఉండేలా చూడండి. చాయ్ హోటలు వారికి, కిరాణా కొట్టు వారికి, ఆటో స్టాండు వారికి చెప్పి ఉంచండి. ఫజర్ తర్వాత పది నిమిషాలు వారి ఇంటికి వెళ్లి సలాం చెప్పి కూర్చోండి. ఆయన మీ పేరు మరచిపోయి ఉండవచ్చు. మీ సలాముకు మాత్రం జవాబు చెబుతారు.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తన ముసలి తండ్రి అబూ ఖుహాఫాను ప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. చూపు పోయింది, తల పూర్తిగా నెరిసిపోయింది. పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే నేనే వచ్చేవాడిని కదా అన్నారు ప్రవక్త (స). మన పెద్దల పట్ల మన బాధ్యత ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పగలవారెవరు? వారు మన వద్దకు రాలేరు. మనమే వారి వద్దకు వెళ్లాలి.

ఓ అల్లాహ్! మా పసితనంలో మమ్మల్ని సాకిన మా తల్లిదండ్రులపై కరుణ చూపు. మతి చెదిరినవారికి నెమ్మదిని, వారి సేవకులకు సహనాన్ని ప్రసాదించు. మమ్మల్ని హీనమైన వయస్సు నుండి కాపాడు. ఆ పరీక్ష రాసిపెట్టి ఉంటే, మమ్మల్ని దయగలవారి చేతుల్లో ఉంచు. ఈమాన్‌పై మా అంతం చేయి. ఆమీన్.